నాలుగో డిస్క్

నవంబర్ 3, ఆదివారం

షాపు తెరిచింది 9.40. పొద్దున బేరం లేదు.

పదకొండు గంటలకు గీత వచ్చింది. ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాను, పట్టనట్టు కూర్చున్నాను.

వాడపల్లి గుడిలో ఆమెకూ సురేందర్‌కూ పెళ్లి జరిగినప్పుడు వీడియో తీసింది నేనే. 2013. కులం వేరని ఆమె తరఫున ఒక్కరూ రాలేదు. వచ్చిన వాళ్లంతా అతని వైపు వాళ్లు. ఇప్పుడు సురేందర్ ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. ఈ నెల 24న సూర్యాపేటలో ఇంకో పెళ్లి చేసుకుంటున్నాడు. గీత తనకు ఏమీ కాదని, వంటకు పెట్టుకున్న మనిషని కోర్టులో రాసిచ్చాడు. ఆల్బమ్, డివిడిలు పెరట్లో వేసి కాల్చాడు. పెళ్లి చేయించిన అయ్యగారు కరోనాలో పోయారు. చూసినవాళ్లు చూడలేదంటున్నారు. ఆ రెండో పెళ్లి ఆగాలంటే మొదటి పెళ్లి జరిగిందని కోర్టులో చూపించాలి. చూపించడానికి మిగిలింది నా హార్డ్ డిస్క్ ఒక్కటే.

"అన్నా, నీ తాన ఉన్నదా?" అంది.

"సూడాలె."

"జర సూడన్నా. నీ కాళ్లు మొక్కుత."

లోపలి నుంచి ఆండాలు చాయ్ తెచ్చి ఇచ్చింది. "ఉంటది తియ్యమ్మా. మా ఆయన అరిగిపోయిన చీపురు గూడ పారెయ్యడు. నీ పెండ్లి పారేస్తడా?" అని నా భార్య ఆమెకు ధైర్యం చెప్పింది.

వెతికి ఫోన్ చేస్తానన్నాను.

2009 నుంచి నేను తీసినవన్నీ తేదీలతో, పేర్లతో ఉన్నాయి. వెతకాల్సిన పని లేదు.

నవంబర్ 4, సోమవారం

రెండు నిమిషాల్లో దొరికింది. నిడివి 42 నిమిషాలు. బొమ్మ శుభ్రంగా ఉంది. తాళి కట్టడం, తలంబ్రాలు, సురేందర్ ముఖం, అన్నీ కనిపిస్తున్నాయి.

ఫోన్ చేయలేదు. చీకటి పడేదాకా ఇంకో పెళ్లి మిక్సింగ్ పని ఉంది.

నవంబర్ 5, మంగళవారం

గీత తన వకీలును వెంటబెట్టుకుని వచ్చింది. త్రివేణి మేడం. చిన్న వయసు, మాట కచ్చితం. వీడియో ఉందని చెప్పాను. గీత కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెన్‌డ్రైవ్‌లో ఇవ్వనా అని అడిగాను.

"వద్దు. పెన్‌డ్రైవ్‌ల మార్చిండ్రని అవతలోళ్లు లొల్లి చేస్తరు. ఒక్కసారే రాసే డిస్క్ కావాలె. దాని మీద కేసు నంబరు, ఇద్దరి పేర్లు, వివాహ తేదీ అచ్చుల ఉండాలె. పోయిన యేడు ఒక కేసుల మార్కర్‌తోని రాసిస్తే చెమటకు చెరిగిపోయింది. ఇది ఆ డిస్కే కాదన్నరు. పద్దెనిమిదిన వాయిదా. ఒక్కటి చాలు, కాపీలు తర్వాత అడుగుత."

"స్టిక్కర్ అంటించన్నా, అయిపాయె" అంది గీత.

స్టిక్కర్ సంగతి ఆమెకు తెలియదు. డ్రైవ్‌లో వేడికి దాని అంచు లేస్తుంది. డిస్క్ ఒక పక్కకు బరువై ఊగుతుంది. ఊగితే చదవదు, ఒక్కోసారి లోపలే ఇరుక్కుంటుంది. సరైన పద్ధతి వేరు. పై ముఖం తెల్లగా ఉండే డిస్కులు వస్తాయి, వాటి మీద నేరుగా ప్రింట్ కొట్టాలి. అందుకు డిస్క్ ట్రే ఉన్న ప్రింటర్ కావాలి. నా దగ్గర లేదు.

"కొంట" అన్నాను.

"ఒక్క డిస్క్‌కు ప్రింటర్ కొంటవా?" అని లోపలి నుంచి ఆండాలు.

"ఎప్పటికైనా పనికొస్తది."

"పద్దెనిమిదికి అందుతదా?" అని వకీలు.

"అందుతది."

వాళ్లు పోయాక ఇది రాస్తున్నాను. ఆ పాత సంగతి నేను ఎప్పుడో మరిచిపోయాను. పెళ్లైన పన్నెండో రోజున డివిడి ఇవ్వడానికి త్రిపురారంలో వాళ్లింటికి పోయాను. టీవీ ముందు ఇరవై ముగ్గురున్నారు. డివిడి పెట్టగానే పువ్వుల మధ్యలో పేరు పడింది. 'శుభ వివాహం' అని ఉండాల్సిన చోట 'శుభ వివాదం' అని పడింది. హ బదులు ద. నేను ఏడో తరగతి. కంప్యూటర్, మిక్సింగ్, టైపింగ్ అన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. గీత డిగ్రీ చదివింది. ముందు చూసింది ఆమె. పైకి చదివి నవ్వింది. తర్వాత మిగతా ఇరవై ఇద్దరూ నవ్వారు. ఆమె చదవకపోతే ఎవరూ చూసేవాళ్లు కాదు. మూడో రోజుకు సరిచేసి కొత్త డివిడిలు ఇచ్చాను. అప్పటికే మిర్యాలగూడ దాకా పాకింది. రైస్‌మిల్లు దగ్గర హమాలీలు కూడా వివాదం మల్సూర్ అనేవాళ్లు.

ఆమె ఆకుపచ్చ చీరలో ఉంది ఆ రోజు. మరిచిపోయాను.

నవంబర్ 7, గురువారం

ఎనిమిది గంటల బస్సుకు సూర్యాపేట. మత్తయ్య దగ్గరికి పోయాను. చర్చి పాటల సిడిలు చేస్తాడు, పల్లెల్లో ముసలివాళ్లు ఇప్పటికీ అడుగుతారట. అతని దగ్గర రెండు రకాల యంత్రాలు ఉన్నాయి. ఒకటి రిబ్బన్‌ను వేడి చేసి అద్దుతుంది. నలుపు ఒక్కటే వస్తుంది, కానీ నీళ్లు పోసినా చెరగదు. మామూలు వెండి డిస్క్ మీద కూడా పడుతుంది. రెండోది ఇంకుది. ఆరు రంగులు. తెల్ల డిస్కే కావాలి.

"లోపలికి తెల్లగ పోతది, పెండ్లికొడుకు లెక్క తయారై బయటికొస్తది" అని మత్తయ్య ట్రే తోసి చూపించాడు. "అయినా నీకు కావల్సింది నాలుగు మాటలే గద? రిబ్బన్‌ది సాలు. డిస్క్ తెచ్చినవా? చాయ్ తాగేలోపు కొట్టిస్త."

తేలేదన్నాను.

సంచిలో ఉంది. నిన్న రాసి, ఆడించి చూసిందే. కానీ కోర్టుకు పోయే వస్తువు ఒట్టి నలుపులో ఉంటే బాగుండదు. అదీగాక ఇంకొకరి యంత్రం మీద నా పని చేయించడం నాకు అలవాటు లేదు.

"సరే, ఇంకుదే కొనుక్కో" అన్నాడు. "ఒక్క మాట, మల్సూరూ. ముందు రాయాలె. ఆడించి సూడాలె. గప్పుడే ప్రింట్. కొట్టినంక రాసింది, రాయనిది ఒక్క తీర్గనే కనవడ్తయ్. నేను ఓసారి ఉత్త డిస్కులు నలభై పంచిన. పాస్టర్ నన్ను సభల నిలవెట్టి అందరితోని ప్రార్థన చేయించిండు, నాకు బుద్ధి రావాలని."

అతను చెప్పక్కర్లేదు. నా పద్ధతి మొదటి నుంచీ అదే.

ప్రింటర్ వాళ్ల వీధిలోనే ఒక షాపులో చెప్పి వచ్చాను. హైదరాబాదు నుంచి రావాలి. మూడు నాలుగు రోజులు.

నవంబర్ 8, శుక్రవారం

సంచిలో ఉన్న డిస్క్‌ను విరిచి పారేశాను. వెండి డిస్క్ మీద ఇంకు నిలవదు.

నవంబర్ 9, శనివారం

తెల్ల డిస్కుల కోసం కోదాడ. మిర్యాలగూడలో ఎక్కడా లేవు. కోదాడలో గోపి అని ఫొటో సామాన్ల షాపు.

"ప్రింటబుల్సా? ఉన్నాయన్నా. అడిగేవాళ్లే లేరు. మొన్న ఒక రైతు వచ్చి మామూలువి పాతిక పట్టుకెళ్లాడు, పిట్టలు రాకుండా చేలో వేలాడదీస్తాడంట. మీరేమో చేత్తో తడిమి తడిమి చూస్తున్నారు, పెళ్లిచూపుల్లాగా."

మూడు రకాలు, వాటి మీద ముందే కొట్టి ఉంచిన నమూనాలతో సహా చూపించాడు. మొదటి దాంట్లో మధ్యన రూపాయి బిళ్లంత భాగం తెలుపు లేకుండా వదిలేశారు. అక్కడ అక్షరం పడితే ఇంకు జారిపోతుంది. రెండోదానికి చిల్లు అంచుదాకా తెలుపు ఉంది, కానీ పొడిగా, సుద్దలా ఉంది. నమూనా అచ్చును తడి వేలితో రుద్ది చూశాను, నీలం వేలికి వచ్చింది. మూడోది మెరుపుది. ఇంకు ఆరడానికి ఒక రోజు పడుతుంది, ఆరాక మాత్రం తడి గుడ్డతో తుడిచినా కదలలేదు.

"మధ్యదే తీసుకోండన్నా, ఇప్పటికిప్పుడు ఆరిపోద్ది" అన్నాడు.

మెరుపుది తీసుకున్నాను. పది.

నవంబర్ 11, సోమవారం

ప్రింటర్ వచ్చింది. ఆండాలు గుమ్మంలో నిలబడి చూసింది. "కొత్త కోడలు లెక్క ఎంత మెల్లగ దించుతున్నవ్. దిష్టి తియ్యాల్నా?"

మొదటి ప్రింట్ రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. గీత పేరు చిల్లులో పడింది. సురేందర్ పేరు సరిగ్గానే వచ్చింది.

రెండోసారి మళ్లీ అంతే. రేపు చూద్దాం.

నవంబర్ 12, మంగళవారం

గీత ఫోన్.

"అన్నా, అయిందా?"

"ట్రే కుదుర్తలేదు."

"మార్కర్‌తోని రాసియ్యరాదన్నా? మేడంకు నేను చెప్పుకుంట."

"పాడు పని చేసి ఇయ్య. నా షాపు పేరు పోతది."

"నీ పేరు ఎందుకు పోతదన్నా. నాకు రోజులు దగ్గర పడ్తున్నయని."

తెలుసు అన్నాను. ఆమె మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక గది కిరాయికి తీసుకుంది. కుట్టు పని చేస్తోందట. ఆండాలు రెండు జాకెట్లు ఇచ్చి వచ్చింది.

నవంబర్ 13, బుధవారం

లింగస్వామి వచ్చాడు. సురేందర్ మేనమామ. వాడపల్లి పెళ్లిలో పెద్దమనిషిగా కూర్చుంది ఆయనే. వీడియోలో పదిహేడో నిమిషంలో కండువా సర్దుకుంటూ కనిపిస్తాడు.

"ఏం వివాదం సారూ, బాగున్నవా?"

ప్రింటర్ మీద గుడ్డ కప్పాను.

"మా అల్లుని పెండ్లి ఇర్వై నాలుగున. ఈడియో నువ్వే తియ్యాలె. డ్రోన్ గీన్ అన్నీ పెట్టు. ఎన్కటిది ఒకటి నీ తాన ఉన్నదంట?"

"ఉన్నది."

"ఖతం చెయ్యి."

"చెయ్య."

"గట్లంటవేందయ్యా? నీకు ఆ పేరు పెట్టింది ఎవరు? గామెనే గద? మేము ఏదో నవ్వి ఊకున్నం. గామె ఊరంత చెప్పుకుంట తిరిగింది. గసుంటిదాని కోసం నువ్వు మాతోని పెట్టుకుంటవా?"

"నా దగ్గరున్నది చెరప. మీ పెండ్లి గూడ తియ్య. వేరే మనిషిని సూసుకోండ్రి."

ఆయన నన్ను పైకీ కిందికీ చూసి వెళ్లిపోయాడు. నాకు మనసు తేలికైంది. నేను అమ్ముడుపోయే మనిషిని కాను. ఈ మాట ఇక్కడ రాసి ఉండాలి.

ఊరంతా చెప్పుకుంటూ తిరిగిందని నాకు తెలియదు.

నవంబర్ 14, గురువారం

అక్షరాల పని. వకీలు ఇచ్చిన కాగితంలో 'వివాహ తేదీ' అని ఉంది. 'పెళ్లి తేదీ' అని కొట్టాను. కాగితంలో ఉన్నట్టే ఉండాలని ఆమె గట్టిగా చెప్పింది. మార్చాను. హ. పెద్దది చేసి చూశాను. ఆండాలును పిలిచి చదవమన్నాను.

"వివాహ తేదీ" అని చదివింది.

మళ్లీ చదవమన్నాను.

"ఎన్నిసార్లు చదవాలె? అన్నం మాడుతున్నది."

నవంబర్ 15, శుక్రవారం

పౌర్ణమి. ఆండాలు సంగమ స్నానానికి వాడపల్లి పోయింది, గీతను వెంటబెట్టుకుని. నేను షాపులోనే. ట్రే కుదిరింది.

నవంబర్ 16, శనివారం

మూడు డిస్కులు రాశాను. ఒక్కొక్కటి పదకొండు నిమిషాలు. మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా ఆడించి చూశాను. తర్వాత ప్రింట్. ముందు రాయడం, చూడడం, తర్వాత ప్రింట్.

వాటి కంటే ముందు, రంగు సరిచూడడానికి ఒక ఖాళీ డిస్క్ మీద అదే అచ్చు కొట్టాను. పరీక్షది. దాంట్లో ఏమీ రాయలేదు. చిత్రం ఏమిటంటే నాలుగింటిలో బాగా వచ్చింది అదే. చుట్టూ అంచు వెంట్రుకంత తేడా లేదు. మిగతా మూడింటిలో ఎడమ అంచున సన్నటి తెల్ల గీత మిగిలింది. పట్టి చూస్తే తప్ప కనిపించదు.

మూడింటినీ పేపర్ మీద వరసగా ఆరబెట్టాను. నాలుగోది వేరుగా, కుడి పక్కన.

నవంబర్ 17, ఆదివారం

గీత నాలుగు గంటలకు వచ్చింది. ఆండాలు వంటింట్లో ఉంది.

డిస్కులు చూసి ఆశ్చర్యపోయింది. "ఎంత మంచిగొచ్చినయన్నా. కోర్టుకియ్యబుద్ధి అయితలేదు." ఎడమ పక్క వరసలోంచి ఒకటి తీసుకుని కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుంది. వేలు ఆనించకుండా ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతూ చదివింది. పేర్లు కాగితంతో కలవాలని వకీలు చెప్పిందట.

"తప్పుల్లేవు. నాలుగుసార్లు చూసిన" అన్నాను.

"ఊకెనే చూస్తున్ననన్నా."

"అప్పుడు తప్పు పోయింది గద. మీరు నవ్విండ్రు."

"ఎప్పుడన్నా?"

ఆమెకు గుర్తు లేదు. నేను అనుకున్నాను, నటిస్తోందని. కళ్లలోకి చూశాను. నిజంగానే లేదు. పదకొండేళ్లు. ఇరవై ముగ్గురు. లేదు.

చెప్పాను. పువ్వుల మధ్యలో ఏం పడిందో, హ బదులు ఏం పడిందో చెప్పాను. ఎవరికీ నా నోటితో చెప్పలేదు ఇప్పటిదాకా.

గీత ఒక క్షణం నన్ను చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. ఆపుకోవాలని చూసింది, వల్ల కాలేదు. డిస్క్‌ను వరసలో పెట్టేసి బల్ల పట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"శుభ వివాదం! సరిగ్గనే కొట్టినవ్ గదన్నా! అందరికంటె ముందుగాల్ల నీకే తెలిసింది!"

ఆండాలు గరిటెతో బయటికి వచ్చింది. "ఏందమ్మా గంతగనం?"

"వదినా, అన్న నా జాతకం ఎప్పుడో రాసి పెట్టిండు వదినా! నేనే చదువుకోలె!"

ఆండాలు కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఇన్ని రోజుల్లో ఈ పిల్ల నవ్వడం ఇదే మొదటిసారని ఆండాలు అంది.

"ఏది తీస్కపోనన్నా? ఇదేనా?" అని గీత వరస వైపు చేయి చాపింది.

"ఆగు. మంచిది ఇస్త."

కుడి పక్కది ఇచ్చాను. కొత్త కవర్‌లో పెట్టి ఇచ్చాను. నాలుగింటిలో అదే బాగా వచ్చింది. బాగా వచ్చినదే ఇవ్వాలి.

నవంబర్ 18, సోమవారం

షాపు తెరిచింది 9.40.

ఆండాలు బల్ల తుడుస్తూ అడిగింది. "మూడు రాసిన్నంటివి. మూడు గీడనే ఉన్నయేంది?"

"నాలుగోది గూడ రాసిన."

"ఎప్పుడు?"

"నువ్వు సంతకు పోయినప్పుడు."

సాయంత్రం గీత ఫోన్ చేసింది. కోర్టు కంప్యూటర్‌లో డిస్క్ రాలేదు. వకీలు లాప్‌టాప్‌కు డిస్క్ పెట్టే సందే లేదు, ఈ మధ్య ఏ లాప్‌టాప్‌కూ ఉండడం లేదు. సరిచూసి 22న తెమ్మని జడ్జి గడువిచ్చారట. లేకపోతే పెళ్లి ఆపమనే పిటిషన్ కొట్టేస్తామన్నారట.

"రేపు తెస్తనన్నా, జర సూడు."

"ఎల్లుండి తే. రేపు నేను ఉండ."

నవంబర్ 19, మంగళవారం

ఎక్కడికీ పోలేదు.

నవంబర్ 20, బుధవారం

గీత ఐదు గంటలకు వచ్చింది. డిస్క్‌ను రుమాలులో చుట్టి, దాని మీద అట్ట పెట్టి, సంచిలో తెచ్చింది.

"వాళ్ల మిషనే ఖరాబున్నదన్నా. అవతలి వకీలు మోసం డిస్క్ అన్నడు. నేను ఊకోలె. మల్సూరన్న పని తప్పు పోదు, వచ్చి నీ కండ్లతోని సూడు అన్న."

డ్రైవ్‌లో పెట్టాను. స్క్రీన్ నా వైపు ఉంది. ఖాళీ డిస్క్, ఇందులో ఏమైనా రాయాలా అని కంప్యూటర్ అడిగింది.

పదకొండు నిమిషాల పని. ఒక్క బటన్. ఆమె అక్కడే కూర్చుని ఉంటుంది. శుభ్రం చేస్తున్నాననో, పరీక్షిస్తున్నాననో అంటే నమ్ముతుంది. ముందు ఖాళీగా ఉండేదని ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అచ్చు అదే, డిస్క్ అదే.

ఇదంతా అప్పుడే ఆలోచించాను. తర్వాత కాదు.

స్క్రీన్ మీద ఆ ప్రశ్న మూసేసి, హార్డ్ డిస్క్‌లో ఉన్న వీడియో తెరిచాను. స్క్రీన్ ఆమె వైపు తిప్పాను.

గీత ముందుకు జరిగింది. వాడపల్లి మెట్లు, వెనక నీళ్లు, గుడి లోపల పసుపు బట్టల్లో ఇద్దరు. సురేందర్ తాళి కడుతూ మూడో ముడి దగ్గర తడబడితే ఆమె తల వంచి ఇచ్చింది. అప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు. స్క్రీన్ ముందు కూర్చున్న మనిషి చేయి తన మెడ దగ్గరికి పోయింది.

"గదిగో, లింగస్వామి మామ! అక్షింతలు ఏస్తున్నడు సూడన్నా. గాయనే మొన్న కోర్టుల నన్ను ఎన్నడు సూడలేదన్నడు."

"ఊఁ."

"గిది గీ డిస్క్‌లదే గదన్నా?"

"అదే."

"మరి గాడ ఎందుకు రాలె?"

"పాత డ్రైవ్. దుమ్ము పట్టి ఉంటది. మళ్ల పెట్టమను."

42 నిమిషాలూ చూసింది. ఆండాలు గుమ్మంలో నిలబడి తనూ చూసింది. అయిపోయాక గీత రెండు చేతులూ జోడించి స్క్రీన్‌కు దండం పెట్టింది. నాకు కాదు, స్క్రీన్‌కు.

డిస్క్ తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, కవర్‌లో పెట్టి ఇచ్చాను. తలుపు దాకా వెళ్లాను.

రాయకపోవడానికి కారణం ఉంది. సాయంత్రం పూట కరెంటు నమ్మడానికి లేదు. రాస్తుండగా మధ్యలో పోతే డిస్క్ పూర్తిగా పాడవుతుంది, ఇక దేనికీ పనికిరాదు.

నవంబర్ 21, గురువారం

నిన్న మధ్యాహ్నం నుంచి ఇప్పటిదాకా కరెంటు పోలేదు.

నవంబర్ 22, శుక్రవారం

ఆండాలు గీతకు తోడుగా కోర్టుకు పోయింది. రెండు గంటలకు తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండా గడప మీదే కూర్చుని చెప్పింది.

మొదటి కంప్యూటర్‌లో రాలేదు. పక్క ఆఫీసు నుంచి ఇంకోటి తెచ్చి పెట్టారు. అందులోనూ రాలేదు. ఇది కొత్త డిస్కమ్మా, ఇందులో ఎవరూ ఏమీ రాయలేదు అని ఆపరేటర్ చెప్పాడు. మొన్న నా కండ్లతోని సూసిన సార్, నలభై రెండు నిమిషాలు సూసిన అని గీత అరిచింది. అవతలి వకీలు డిస్క్‌ను వేలికి తగిలించుకుని అందరికీ తిప్పి చూపించాడు. పైన పెండ్లి ఉన్నది, లోపల లేదు అన్నాడు. అక్కడ నిలబడిన వాళ్లంతా నవ్వారు. త్రివేణి మేడం ఇంకొక్క రోజు అడిగింది. రెండుసార్లు అవకాశం ఇచ్చామని జడ్జి పిటిషన్ కొట్టేశారు. అసలు కేసు ఎన్నేళ్లయినా నడుస్తుంది. ఎల్లుండి పెళ్లి మాత్రం ఆగదు. బయట వరండాలో లింగస్వామి, వంటమనిషివి వంట చేసుకో పో అన్నాడట. గీత గోడకు ఆనుకుని కిందికి జారిందట.

"ఎంతమంది నవ్విండ్రు?" అని అడిగాను.

ఆండాలు తలెత్తి నన్ను చూసింది.

"నువ్వు నాలుగోది రాసిన్నన్నవ్."

"రాసిన."

"నా మొకం సూసి చెప్పు."

"రాసిన అన్న గద."

"నువ్వు గూడ రావల్సింది ఇయ్యాల. లెక్క వెట్టుకుందువు" అని లోపలికి పోయింది.

నవంబర్ 23, శనివారం

గీత ఫోన్ చేసింది. గొంతు పోయి ఉంది.

"అన్నా, నేను కోర్టుకు పోంగ బస్టాండుల ఎండల నిలబడ్డ గంటసేపు. సంచిల ఉండె డిస్క్. ఎండకే పోయి ఉంటదా?"

"అయి ఉంటది."

"నా తప్పే అన్నా. నువ్వు మస్తు కష్టపడ్డవ్. నా కోసం ప్రింటర్ గూడ కొన్నవ్. నీ పేరు పోగొట్టిన, కోర్టుల అందరి ముంగట. ఏమనుకోకు."

"ఏమనుకోను."

"గది జర భద్రం పెట్టన్నా. ఇంక నాకు గంతకంటె ఏం లేదు."

భద్రంగా ఉంటుందని చెప్పాను.

నవంబర్ 24, ఆదివారం

షాపు తెరిచింది 9.40. ఆండాలు పొద్దున్నే గీత గదికి పోయింది. నాకు చెప్పలేదు. అక్కడ ఏం చెప్తుందో తెలియదు. అన్నం వండి పెట్టలేదు.

సూర్యాపేటలో ముహూర్తం 11.05 అని లింగస్వామి వదిలిపోయిన కార్డులో ఉంది.

పని లేదు. వరసలో ఉన్న మూడు డిస్కులు తీశాను. బాగా ఆరాయి. తడి గుడ్డతో తుడిచాను, అక్షరం కదలలేదు. మొదటిది పెట్టి పూర్తిగా చూశాను. తర్వాత రెండోది. ముహూర్తం దాటే వేళకు రెండోదాంట్లో తాళి కడుతున్నారు. మూడోది కూడా చూశాను.

మూడూ బాగా ఆడుతున్నాయి. ఎక్కడా ఆగలేదు.